పీడీ-1 గారికి సిక్కోలు నుంచి ఒక ఫిర్యాదు

ఒంటిని కాపాడే టీ-కణాల పైపొర మీద బ్రేకులా కొలువుదీరిన ప్రొటీన్ పీడీ-1 గారికి నమస్కారం.

మీ ఉద్యోగం దండగ అనడానికి రాయడం లేదు. 1992లో క్యోటోలో శాస్త్రవేత్త హోంజో గారి ప్రయోగశాల మీ జన్యువును పట్టుకుంది. 1999లో మీరు లేని ఎలుకల్ని చూస్తే, రక్షణ కణాలే వాటి కీళ్ళ మీద, మూత్రపిండాల మీద పడ్డాయి. బ్రేకు కావాల్సిందే, ఒప్పుకుంటాం.

మా గోల వేరు. మా తీరంలో అడ్డచుట్ట తాగే ఆడవాళ్ళున్నారు. నిప్పున్న కొసే నోట్లో ఉంటుంది. "కాల్తాదేటి, అలవాటే" అని నవ్వేస్తారు. అంగిలి తెల్లగా మొద్దుబారి, మధ్యలో ఎర్రచుక్కలు తేలతాయి. కొందరికి అదే క్యాన్సర్ దాకా పోతుంది. పొగ జన్యువుల్ని పాడుచేస్తుంది, పీ53 లాంటి కాపలా ప్రొటీన్లు మూలపడతాయి, కణం ఆగమన్నా ఆగదు. ఇంతవరకూ మీ తప్పేమీ లేదు, చుట్టదే.

ఆ తర్వాత జరిగేదే ఘోరం. టీ-కణం ఆ క్యాన్సర్ కణమనే దొంగని గుర్తుపట్టి గామా ఇంటర్‌ఫెరాన్ అనే కబురు ప్రొటీన్ వదులుతుంది. ఆ కబురు క్యాన్సర్ కణంలో జాక్-స్టాట్ అనే సంకేతాల దారిన కేంద్రకానికి చేరి, మీ బ్రేకును నొక్కే పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌ని తయారు చేయిస్తుంది. పోలీసు ఈల వినగానే దొంగ జేబులోంచి ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరం తీసినట్టన్నమాట! మీరేమో ఉత్తరం కనబడితే చాలు, షిప్-2 అనే ఎంజైమును పిలుస్తారు. అది టీ-కణాన్ని ఉసిగొల్పే సీడీ28 అనే ప్రొటీన్ మీది ఫాస్ఫేట్లను ఊడబీకుతుంది. టీ-కణం కొట్టబోయిన చెయ్యి దించేస్తుంది. ఉత్తరం ఎవరిదో, ఎందుకిచ్చారో ఒక్క మాట అడగరా?

మిమ్మల్ని కదలనివ్వని మందులు 2014 నుంచి వాడుతున్నారు. 2018లో హోంజోకి, మీలాంటి ఇంకో బ్రేకు సీటీఎల్ఏ-4 మీద పనిచేసిన ఆలిసన్‌కి నోబెల్ వచ్చింది. అందరికీ పనిచెయ్యవు. పనిచేసినా ఒక్కోసారి పేగులకో, థైరాయిడ్‌కో, ఊపిరితిత్తులకో వాపు తెస్తాయి. మిమ్మల్ని మూలన కూర్చోబెడితే అంతేగా మరి.

కాబట్టి మీ రాజీనామా అడగడం లేదు. అంగిలి దగ్గర డ్యూటీ పడినప్పుడు కాస్త కాగితం చదివి సంతకం పెట్టండి చాలు. ఆ మందు ధర కనుక్కున్నాక, మీ కాళ్ళు పట్టుకోవడమే చవకని ఇంట్లో అందరం తేల్చుకున్నాం.

ఇట్లు,
చుట్ట ముట్టకపోయినా పొగ పీల్చి పెరిగిన సిక్కోలు వాసి