పగడాల మీద నిలబడి ఫొటోలు దిగకండి

అండమాన్ వెళ్లొచ్చిన మనవాళ్ల పోస్టుల్లో ఒకే గోల. జాలీబాయ్ దీవికి ముందే పర్మిట్ కావాలట, పడవెక్కే వండూరు జెట్టీలో బ్యాగులు వెతుకుతారట, ప్లాస్టిక్ కవర్లు పట్టుకెళ్లనివ్వరట, సోమవారం మూసేస్తారట. ఇంత ఖర్చు పెట్టుకుని వస్తే ఈ టెన్షన్ ఏంటని కోపం. చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఆ కట్టడి లేకపోతే అక్కడ చూడటానికి ఏం మిగిలేది?

మహాత్మా గాంధీ సముద్ర జాతీయ పార్కు 1983లో ఏర్పడింది. 15 దీవులు, చుట్టూ ఉన్న సముద్రంతో కలిపి 280 చదరపు కిలోమీటర్ల పైమాటే. పర్యాటకులు దిగేది ముఖ్యంగా రెండు దీవుల్లోనే: జాలీబాయ్, రెడ్‌స్కిన్. అవీ వంతులవారీగానే, ఒకటి తెరిస్తే రెండోదానికి విశ్రాంతి. రాత్రి బస లేదు. ఈ పద్ధతి పెట్టినవాళ్లకు దండం పెట్టాలి.

పగడం ప్రాణమున్న జీవి. వేలకొద్దీ చిన్న జీవులు కలిసి సున్నపు గూడు కట్టుకుంటూ పోతే అది దిబ్బ అవుతుంది. వాటి ఒంట్లో కాపురముండే సూక్ష్మమైన నాచు ఎండతో తిండి తయారుచేసి పెడుతుంది. రంగు కూడా చాలావరకు దానిదే. నీళ్లు వేడెక్కితే పగడం ఆ నాచును బయటికి నెట్టేసి తెల్లగా పాలిపోతుంది. వేడి వారాల తరబడి తగ్గకపోతే ఆకలితో చచ్చిపోతుంది. అండమాన్‌లో 1998లో, 2010లో, 2016లో ఇలాగే పగడాలు తెల్లబడ్డాయి. బండలా పెరిగే రకాలు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. అంటే నడుమెత్తు పగడం మన తాతల నాటిది.

అలాంటిదాని మీద లైఫ్ జాకెట్ వేసుకుని నిలబడి ఫొటో దిగుతున్నారు! సముద్రం వేడిని మనం ఒక్కరోజులో తగ్గించలేం, కాలు తీయడం మాత్రం మన చేతిలో పనే. ఇంకొందరు ఒడ్డున పడున్న ముక్కల్ని షోకేసు కోసం ఏరుకుంటున్నారు. పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, చచ్చిన ముక్క తెచ్చుకోవడం కూడా నేరమే. ఇక సన్‌స్క్రీన్. పగడాలకు హాని చేసే రసాయనాలున్న సన్‌స్క్రీన్లను పసిఫిక్ సముద్రంలోని చిన్న దీవుల దేశం పలావు 2020లో, హవాయి 2021లో నిషేధించాయి. మన దగ్గర దాని గురించి అడిగేవాళ్లే లేరు. పూర్తి చేతుల బట్టలు వేసుకుని నీళ్లలో దిగితే దాని అవసరమే పెద్దగా ఉండదు.

థాయ్‌లాండ్ మాయా బే తీరాన్ని అక్కడి పగడాలు కోలుకోవాలని 2018లో మూసేసి, 2022 జనవరి దాకా తెరవలేదు. పర్యాటకం మీద బతికే దేశం చేసిన పని అది. మనవాళ్లకు సోమవారం సెలవే బరువైపోయింది.

నేనైతే ఇంకా కఠినంగా ఉండాలంటాను. పడవ కదలకముందే ఏం చేయకూడదో హిందీలో, బెంగాలీలో, తమిళంలో, తెలుగులో చెప్పాలి. శ్రీకాకుళం, విశాఖ నుంచి వెళ్లి తరాలుగా అక్కడే స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, తెలుగులో చెప్పేవాళ్లకు కరువు లేదు. చెప్పాక కూడా పగడం మీద కాలు పెట్టినవాళ్లను ఫైన్ వేసి, మళ్లీ నీళ్లలో దిగనివ్వకుండా పడవలో కూర్చోబెట్టాలి. అందుకోసం టికెట్ ధర పెంచినా సంతోషంగా కడతాను.