వేల్యూ ఇంజినీరింగ్ గారికి విన్నపం

మహారాజశ్రీ వేల్యూ ఇంజినీరింగ్ గారికి, అనగా పని చెడకుండా ఖర్చు తగ్గిస్తామనే విద్యకి, విశాఖపట్నం నుంచి ఒక డిజైన్ ఇంజినీరు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. మట్టి జారకుండా ఆపే నా గోడ సంగతే చెప్పలేను.

నిన్న రెండింటికి మొదలైన మీటింగు ఆరున్నరకి ముగిసింది. టీలు మూడు, సమోసాలు రెండు, గోడ కింద నేలలోకి దింపే స్తంభాల్లో (పైల్స్) పోయినవి 24. అంటే వెనక వరస మొత్తం. మీ భక్తుడొకాయన ఎర్ర పెన్నుతో ఒక్క గీత గీసి, "ఎలాగూ మట్టిలోనే ఉంటాయి, ఎవరికి కనిపిస్తాయండీ?" అన్నారు.

అయ్యా, ఆ వరస అందానికి పెట్టింది కాదు. మట్టి గోడను తోస్తుంటే ముందు వరస నొక్కుకుపోతుంది, వెనక వరస లేచిపోకుండా పట్టుకుంటుంది. పీటకి రెండు కాళ్ళు కోసేసి, కూర్చోండి అంటే ఎలా?

పోనీ గోడైనా పాతదేనా? పార్కింగుకి చదును కావాలని అదే మీటింగులో ఎత్తు 4 మీటర్ల నుంచి 5 చేశారు. "ఒక్క మీటరేగా!" ఆ ఒక్క మీటరుతో మట్టి తోపుడు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. గోడను పడదోసే తిప్పుడు బలం (మొమెంట్) ఎత్తు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి దాదాపు రెట్టింపు. బరువు రెట్టింపు, కాళ్ళు సగం.

నేలా? పోర్టు వైపు మెరైన్ క్లే, అంటే సముద్రపు మెత్తటి బంకమట్టి, మనకి తెలిసిందే. 63.5 కిలోల సుత్తి 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి రెండు దెబ్బలు వేసేసరికి స్పూను (నేల గట్టిదనం చూసే గొట్టం) 30 సెంటీమీటర్లు దిగిపోయింది. నమ్మరేమోనని పాలిథిన్ కవర్లో శాంపిల్ పట్టుకెళ్ళాను. ఆయన బొటనవేలితో నొక్కారు. గోరు మునిగింది. టిష్యూతో తుడుచుకుని, "గట్టిగానే ఉందే" అన్నారు.

మట్టి పరీక్షకి రెండో బోరు దండగన్నారు. పైల్ మీద బరువు పెట్టి చూసే లోడ్ టెస్ట్ అడిగితే "మీ డిజైన్ మీద మీకే నమ్మకం లేదా?" అన్నారు. గోడ వెనక నీరు బయటికి పోయే కన్నాలు (వీప్ హోల్స్) ఆప్షనల్ అట, హుద్‌హుద్ చూసిన ఊళ్ళో! గోడ ముందు గ్రానైట్ మాత్రం ఒక్క పలక తగ్గలేదు.

ఇన్ని కోసినా డ్రాయింగు కింద సంతకం నాదే కావాలట. పెట్టను. మిగిలిన డబ్బు మీది, పడిన గోడ నాది అంటే కుదరదు. గీత గీసినాయన్నే పెట్టమనండి, పెన్ను ఆయన దగ్గరే ఉంది.

రేపు నాలుగింటికి మళ్ళీ మీటింగు. కొత్త శాంపిల్ తెస్తున్నాను, ఈసారి ఐదు వేళ్ళూ పెట్టి చూడమనండి. టిష్యూలు ఉండవు. ఖర్చు తగ్గించాను.