సిమ్ము లేని దొరవారికి ఒక లేఖ

మహారాజశ్రీ టచ్ స్క్రీన్ మీడియా ప్లేయరు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు పెట్టె మీద అచ్చు వేయించుకున్న బిరుదులన్నీ చదివాం. అంగుళాలు, గిగాబైట్లు, గంటలు, లక్షల రంగులు, ఎందులోనూ లోటు కనిపించలేదు. లోట్లుండేది చిన్న అక్షరాల్లో కాబట్టి, తమర్ని కొనాలా వద్దా అని తలపట్టుకున్న వాళ్ళందరి తరఫునా ఆ చిన్న అక్షరాలను కాస్త పెద్దవి చేసి రాస్తున్నాం. కోపగించుకోవద్దు.

ముందు అందరూ అడిగేదే అడుగుతాం. ప్రతి జేబులోనూ ఇప్పటికే ఒక అద్దం పలక ఉంది. దాని తెర తమరి తెరకన్నా పెద్దది, ప్రాసెసరు చురుకైనది, పైగా ఎవరైనా పిలిస్తే పలుకుతుంది. పలకడం ఒక్కటీ మానేసి మిగతావన్నీ చేస్తానంటూ తమరు దయచేశారు. తమరి వంశచరిత్ర తిరగేస్తే ధైర్యం కలిగేదేమీ లేదు. ఐపాడ్ టచ్ 2007 సెప్టెంబరులో 3.5 అంగుళాల తెరతో పుట్టింది, 2019లో ఏడో తరం చూసింది, 2022 మే నెలలో ఆపిల్ చేతుల మీదుగానే కన్నుమూసింది. మైక్రోసాఫ్ట్ వారి జూన్ హెచ్‌డీ 2009లో 3.3 అంగుళాల ఓలెడ్ తెరతో ఊరేగి, 2011లోనే సెలవు పుచ్చుకుంది. ఇద్దరి ఆస్తీ కాజేసింది దాయాది ఫోనే.

తమరికి మళ్ళీ ఊపిరి పోసింది కూడా ఆ దాయాదే అనుకోండి. 2016లో ఐఫోన్ 7 హెడ్‌ఫోన్ రంధ్రం పూడ్చేసుకున్నాక మిగతా కంపెనీలు ఒక్కొక్కటే ఆ బాట పట్టాయి. మెమరీ కార్డు గూడు కూడా చాలా ఫోన్లలో మాయమైంది. కాబట్టి తమరి దగ్గర డబ్బు పెట్టి కొనదగిన సరుకు నాలుగే: ఆ రంధ్రం, ఆ గూడు, పాటలకే ఖర్చయ్యే బ్యాటరీ, చూడకుండా నొక్కగల మీటలు. ఈ నాలుగూ ఉంటే తమరు మీడియా ప్లేయరు. లేకపోతే సిమ్ము పట్టని ఫోను, అంతే. విచిత్రమేమిటంటే ఈ నాలుగింటి గురించీ పెట్టె మీద ఒక్క ముక్క రాయించుకోరు. తెర గురించి మాత్రం ముందూ వెనకా పక్కనా రాయిస్తారు.

సరే, ఆ తెర సంగతే చూద్దాం. పాట వినేవాడికి తెరతో పని తక్కువ. జేబులో చెయ్యి పెట్టి తర్వాతి పాటకు వెళ్ళాలనుకుంటే, మీట గుడ్డ మీంచి కూడా వేలికి తగులుతుంది, అద్దం తగలదు. తమర్ని బయటికి తీయాలి, పక్క మీట నొక్కి నిద్ర లేపాలి, తాళం జరపాలి, పాటల యాప్ వెతకాలి, అప్పుడు బాణం గుర్తు మీద వేలు పెట్టాలి. ఈలోగా నచ్చని పాట సగం అయిపోతుంది. వేలు తడిగా ఉంటే తమరు పోల్చుకోరు, చేతికి తొడుగు ఉంటే అసలు మనిషినే గుర్తించరు. కెపాసిటివ్ తెర కదా, వేలిలోంచి పోయే విద్యుత్తును బట్టి పసిగడుతుంది. ధర తగ్గించిన తమరి తమ్ముళ్ళలో రెసిస్టివ్ తెర ఉంటుంది. దానిలో రెండు పొరలు ఒకదాన్నొకటి తాకేదాకా గోటితో నొక్కాలి. రెండు వేళ్ళతో బొమ్మను సాగదీసే విద్య మామూలుగా దానికి అబ్బదు. కొన్నాళ్ళకు గురి తప్పి, ఒక పాట మీద నొక్కితే కింది పాట మోగుతుంది. అప్పుడు సెట్టింగుల్లోకి వెళ్ళి, మూలల్లో కనిపించే గుర్తులను వరసగా నొక్కి కాలిబ్రేషన్ మళ్ళీ చేయాలి. ఏ రకమో పెట్టె చెప్పకపోయినా పర్వాలేదు, ప్లాస్టిక్ పెన్ను మూతతో నొక్కి చూస్తే తేలిపోతుంది. కదిలితే రెసిస్టివ్, ఉలకకపోతే కెపాసిటివ్.

పక్కన మీటలు కనిపించగానే మురిసిపోవడం కూడా తొందరపాటే. తెర ఆరిపోయాక అవి పనిచేస్తాయా అన్నది చూడాలి. కొన్నిటిలో తెర వెలిగి ఉన్నంతసేపే మీటలకు ప్రాణం. కొన్నిటిలో సెట్టింగుల లోతుల్లో దీనికో టిక్కు పెట్టాలి. తెర ఆర్పి, ఆపడం, ముందు పాట, వెనక పాట, శబ్దం పెంచడం, తగ్గించడం అన్నీ ఒక్కొక్కటీ నొక్కి చూసుకోవడానికి అర నిమిషం చాలు. ఇందులో తప్పితే మిగతా లేఖ చదవనక్కరలేదు, తమరు ఇంటికి రానక్కరలేదు.

ఇక తమరి గిగాబైట్లు. 32 జీబీ అంటారు. తయారీదారు వెయ్యితో లెక్కేస్తాడు, చాలా పరికరాలు 1024తో లెక్కేస్తాయి. ఆ తేడాతోనే 29.8 అవుతుంది. అందులోంచి తమరి సొంత కాపురానికి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు, ఇంకొన్ని పోతాయి. వినేవాడికి 25 మిగిలాయనుకుందాం. 320 కిలోబిట్ల ఎంపీత్రీ నిమిషానికి 2.4 ఎంబీ. ఐదు నిమిషాల పాట 12 ఎంబీ. అంటే రెండు వేల పాటలు పడతాయి. అదే పాట సీడీ నాణ్యతతో, అంటే నాణ్యత పోగొట్టకుండా కుదించే ఫ్లాక్‌లో, అటూ ఇటూగా 30 ఎంబీ ఉంటుంది, పాటలు ఎనిమిది వందలకు దిగుతాయి. హై రిజల్యూషన్ అని పిలుచుకునే 24 బిట్ల 192 కిలోహెర్ట్జ్ పాటలైతే కుదించకముందు నిమిషానికే 69 ఎంబీ. హై రిజల్యూషన్ ముద్ర మెరిసేలా అతికించుకుని, లోపల కార్డు గూడు లేకుండా వచ్చే తమరి సోదరులను ఏమనాలి? పైన పటారం, లోన లొటారం.

గూడు ఉన్నా దానికో పేచీ. 32 జీబీ దాటిన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైళ్ళు సర్దే పద్ధతిలో వస్తాయి. తమరిలో కొందరికి పాత పద్ధతి ఫ్యాట్32 తప్ప ఇంకోటి చదవడం రాదు. కార్డు పెట్టగానే "కార్డు చెడింది, ఫార్మాట్ చేయనా" అని అడుగుతారు. చెడింది కార్డు కాదు, తమరి చదువు. చాలా సందర్భాల్లో పెద్ద కార్డును కంప్యూటర్లో ఫ్యాట్32గా మార్చి పెడితే నోరెత్తకుండా చదువుతారు. కాకపోతే విండోస్‌లోని మామూలు ఫార్మాట్ కిటికీ చాలాకాలం పాటు 32 జీబీ దాటిన కార్డులకు ఆ పద్ధతి చూపించేది కాదు, చూపించని చోట విడి ప్రోగ్రాము వాడాలి. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. పాటలకు ఇబ్బంది లేదు, పెద్ద సినిమా ఫైళ్ళకు ఉంటుంది. కార్డే దొంగదైతే అది తమరి తప్పు కాదని ఒప్పుకుంటాం. 256 అని పేరు పెట్టుకుని లోపల 8 మాత్రమే ఉన్న కార్డు ఎక్కించినవన్నీ ఎక్కినట్టే చూపిస్తుంది, ఆడమంటే నోరు తెరవదు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ గానీ ఎఫ్3 గానీ, అంటే కార్డును పరీక్షించే ప్రోగ్రాము ఒకటి నడిపి, కార్డు నిండా రాయించి తిరిగి చదివించాకే పాటలు ఎక్కించాలి.

ఎక్కించడం కూడా కేబుల్ ద్వారా కాకుండా కార్డు తీసి రీడర్లో పెట్టి చేయడం మేలు. కేబుల్ మీద ఫైళ్ళు పంపే తమరి ఎంటీపీ కనెక్షన్ సెకనుకు 10 ఎంబీ చొప్పున నడిస్తే 100 జీబీకి రెండు గంటల ముప్పావు పడుతుంది, మధ్యలో కేబుల్ కదిలితే ఎంతవరకు వెళ్ళిందో తమరికీ తెలియదు, కంప్యూటరుకూ తెలియదు. ఆ తర్వాత లైబ్రరీ లెక్కకట్టే కార్యక్రమం. ట్యాగులు, అంటే ఫైల్లోనే రాసి ఉండే పాట పేరు, పాడినవారి పేరు లేని పాటలన్నిటినీ "అజ్ఞాత కళాకారుడు" అనే ఒకే మనిషి ఖాతాలో వేస్తారు. లోకంలో ఆయన పాడినన్ని పాటలు ఇంకెవరూ పాడి ఉండరు. తెలుగు ట్యాగుకు సరైన ఫాంటు లేకపోతే పేరంతా ఖాళీ డబ్బాలవుతుంది. ఫాంటు ఉండి అక్షరాలను కలిపే విద్య లేకపోతే ఒత్తులు పక్కకు జరిగి నిలబడతాయి. ఆల్బమ్ బొమ్మ 3000 పిక్సెళ్ళది పెడితే మింగలేరు, ప్రొగ్రెసివ్ రకం జేపెగ్ పెడితే అసలు చూపించరు. 500కు 500 పిక్సెళ్ళ బేస్‌లైన్ జేపెగ్ అయితే మారాం చేయకుండా తింటారు.

వీడియో విషయంలో తమరి ధైర్యం చూస్తే ముచ్చటేస్తుంది. "అన్ని ఫార్మాట్లూ" అంటారు. ఎంపీఫోర్, ఎంకేవీ అనేవి పెట్టెల పేర్లు. లోపల వీడియోను కుదించిన పద్ధతి హెచ్.264నా, హెచ్‌ఈవీసీనా, అందులో 10 బిట్ల రకమా అన్నదాన్ని బట్టి ఆట. లోపల ఉన్న చిప్పు హెచ్.264లో తేలికైన బేస్‌లైన్ ప్రొఫైల్ దాకానే చదువుకుని ఉంటే బరువైన హై ప్రొఫైల్ ఫైలు గళ్ళుగళ్ళుగా విరిగిపోతుంది. బొమ్మ సాఫీగా వచ్చి మాట రాకపోతే ఆడియో తమరికి రాని ఏసీ3 గానీ డీటీఎస్ గానీ అయి ఉంటుందని అర్థం. ఇక "ఎంపీ5" అని బిరుదు తగిలించుకున్న తమరి బంధువులున్నారే, అలాంటి ప్రమాణం లోకంలో ఏదీ లేదు. వాళ్ళ కన్నా చవక వాళ్ళు ఏఎంవీ అనే సొంత భాషలోకి మార్చి పెడితే గానీ ఏదీ ఆడరు.

తమరి మీద సినిమా చూడాలనుకునే మొండివాళ్ళకు ఒక్కటే దారి. వీడియోలను మార్చే హ్యాండ్‌బ్రేక్ ప్రోగ్రాములో హెచ్.264 ఎంచుకుని, మెయిన్ ప్రొఫైల్ (అదీ చదవలేని చిప్పుకు బేస్‌లైన్) పెట్టి, ఎత్తు తమరి తెర పిక్సెళ్ళకు సరిపెట్టి, శబ్దం ఏఏసీ స్టీరియోలో 128 కిలోబిట్లకు దించాలి. వీడియోకు ఒక మెగాబిట్ ఇస్తే గంట సినిమా 500 ఎంబీ అవుతుంది. నాలుగంగుళాల తెరకు అంతకు మించి పెట్టడం దండగ. కెమెరా, ఆటలు, వాతావరణ సూచన గురించి ఏమీ రాయడం లేదు. వాటి కోసం తమర్ని కొనేవాళ్ళు ఉంటే వాళ్ళకు ఈ లేఖ అక్కరలేదు.

తమరి గర్వకారణమైన డాక్ చిప్పు, అంటే అంకెలను శబ్దంగా మార్చే చిప్పు గురించి మాత్రం ఒక మాట. ఘనమైన చిప్పు పెట్టించుకుని బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో వినమంటారు. బ్లూటూత్‌లో అంకెలు అంకెలుగానే గాల్లో వెళ్ళి, ఇయర్‌ఫోన్ లోపలి చిప్పులో శబ్దమవుతాయి. తమరి చిప్పు ఆ సమయంలో కూర్చుని వేడుక చూస్తుంది. మార్గం కూడా ఇరుకే: బ్లూటూత్ కుదింపు పద్ధతి ఎస్‌బీసీ అయితే సెకనుకు 328 కిలోబిట్లు, ఎల్‌డాక్ గట్టిగా లాగితే 990. సీడీ నాణ్యతకు కుదించకుండా 1411 కావాలి. వైరు లేకుండానే వినేవాళ్ళకు తమరి ఖరీదైన రకం అక్కరలేదు. వైరుతో వినేవాళ్ళు చూడాల్సింది చిప్పు పేరు కన్నా అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే హెడ్‌ఫోన్ రంధ్రం దగ్గర విద్యుత్తుకు తగిలే అడ్డు. అది హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు దాటకూడదు. 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కు 2 ఓమ్‌లు హద్దు. దాటితే కొన్ని ఇయర్‌ఫోన్లలో, ముఖ్యంగా ఒకటికి మించి డ్రైవర్లు (శబ్దం పుట్టించే భాగాలు) ఉన్న వాటిలో, శబ్దం రంగు మారిపోతుంది. అదే 300 ఓమ్‌ల పెద్ద హెడ్‌ఫోన్ తగిలిస్తే తమరు గొంతు చించుకున్నా సరిగ్గా వినబడకపోవచ్చు, దానికి వోల్టేజీ కావాలి. పెట్టె మీద ఈ అంకె లేకపోతే కంపెనీ స్పెసిఫికేషన్ల పేజీలో వెతకాలి. అక్కడా లేదంటే దాచారనే అనుకుంటాం.

ఆండ్రాయిడ్ వేసుకుని వచ్చే తమరి పెద్దల దగ్గర ఇంకో మెలిక. కొన్నరోజు నాటికే రెండు మూడు తరాల పాతది వేసుకుని వస్తారు, అప్‌డేట్ అంటే చెవిటివాళ్ళవుతారు. కొన్నేళ్ళకు పాటల యాప్‌లు పాత వెర్షన్ వద్దంటాయి, తమరి తెర మీద బొమ్మ మిగులుతుంది, పాట మిగలదు. వీడియో దొంగతనాన్ని ఆపే వైడ్‌వైన్ తాళంలో పై స్థాయి ఎల్1 లేకపోయి కింది స్థాయి ఎల్3తో సరిపెట్టుకుంటే చాలా వీడియో సేవలు హెచ్‌డీ ఇవ్వవు. చందా కట్టి దించుకున్న పాటలు కార్డులో ఉన్నట్టే ఉంటాయి గానీ సొంతం కావు. స్పాటిఫైలో అయితే 30 రోజులకోసారైనా నెట్‌కు ముఖం చూపించాలి. కాబట్టి తమరి అవసరం ఉందా లేదా అన్నది పాటలు ఎక్కడున్నాయన్న దాన్ని బట్టే తేలుతుంది. సొంత ఫైళ్ళు వేలకొద్దీ ఉన్నవాళ్ళకు తమరు ఉపయోగపడతారు. అద్దె పాటల వాళ్ళు ఫోనుకు చిన్న యూఎస్‌బీ డాక్ తగిలించుకుంటే తమరు చేసే పనిలో చాలా భాగం జరిగిపోతుంది.

బ్యాటరీ మాటకొస్తే, తమరి "40 గంటలు" తెర ఆర్పి, వైఫై, బ్లూటూత్ కట్టేసి, శబ్దం మధ్యస్థంగా పెట్టి, తేలిక ఫైలు ఆడించి కొలిచినవి. తెర వెలిగిస్తే గంటలు కరిగిపోతాయి. లిథియం బ్యాటరీ 300 నుంచి 500 పూర్తి చార్జింగ్‌ల తర్వాత మొదటి సత్తువలో ఎనభై శాతానికి దిగుతుంది. తమరు దాన్ని జిగురుతో అతికించుకుని కూర్చుంటారు. మీటల వాళ్ళ కన్నా తమరికి ఈ రోగం త్వరగా రావడానికి కారణం మళ్ళీ ఆ తెరే.

కొనేవాళ్ళు ఒక కార్డులో ఐదు ఫైళ్ళు వేసుకుని తమరి దగ్గరకు వస్తారు: 24 బిట్ల 96 కిలోహెర్ట్జ్ ఫ్లాక్ ఒకటి, ఆగకుండా ఒకదాంట్లోంచి ఒకటి సాగే కచేరీ పాటలు రెండు, తెలుగు ట్యాగున్నది ఒకటి, ఎంకేవీ వీడియో ఒకటి. కచేరీ పాటల మధ్య మౌనం వినబడితే తమరికి గ్యాప్‌లెస్ రాదని తేలుతుంది. అట్ట మీద చెప్పినవాటికీ కార్డు చెప్పినవాటికీ పొంతన కుదిరితే తమరిని వెంట తీసుకెళ్తారు.

ఇట్లు,
చిన్న అక్షరాలు చదివేవాళ్ళు

తా.క.: సెకండ్ హ్యాండ్‌లో తిరుగుతున్న తమరి అన్నగారు ఐపాడ్ టచ్ ఏడో తరం ఐఓఎస్ 15 దగ్గరే ఆగిపోయారు. ఆయన్ను తెచ్చుకునేవాళ్ళు పాత యజమాని ఆపిల్ ఖాతా తీసేశాడో లేదో ఎదురుగానే చూసుకోవాలి, తీయకపోతే యాక్టివేషన్ తాళం విడదు. తెర అంచు ఒక పక్క లేచి ఉన్నా, బల్ల మీద పెడితే ఊగినా లోపల బ్యాటరీ ఉబ్బిందన్నమాట. దాన్ని నొక్కి సరిచేయకూడదు, చార్జింగ్ పెట్టకూడదు.