అర్జీలో ‘టోటల్లీ డిస్ట్రాయ్డ్’ అని రాయమంటున్న ఆ మెసేజీ గురించి

తుపాను హెచ్చరిక వచ్చిందంటే చాలు, ఆ మెసేజీ మళ్లీ గ్రూపుల్లో మొదలవుతుంది. డిస్ట్రాయ్, డ్యామేజ్, డెమాలిష్, డెవాస్టేట్, రూయిన్, అనైహిలేట్, డెసిమేట్ అనే ఇంగ్లీషు మాటలన్నిటికీ అర్థం నాశనమేనట, ఏది ఎక్కడైనా వాడొచ్చట. పరీక్షలో పెద్ద మాట వాడితే మార్కులు పెరుగుతాయట. నష్టపరిహారం అర్జీలో అయితే ‘టోటల్లీ డిస్ట్రాయ్డ్’ అనే రాయాలట, అప్పుడే ఎక్కువ డబ్బొస్తుందట. చదువుకున్నవాళ్లే దీన్ని పంపిస్తున్నారు.

అన్నీ ఒకటే అన్న మాట తప్పు. డెమాలిష్ చేసేది కట్టడాన్ని. గోడ, వంతెన, అనుమతి లేని అంతస్తు లాంటివన్న మాట. మునిసిపాలిటీ నోటీసులో కనిపించేది అందుకే ఆ మాట. ఎదుటివాడి వాదనను కూడా డెమాలిష్ చేయొచ్చు గానీ వరిచేనును చేయలేం. డెవాస్టేట్ ఊళ్లకు, ప్రాంతాలకు సరిపోతుంది. మనిషికి వాడితే కుంగిపోయాడని అర్థం. అనైహిలేట్ అంటే ఆనవాలు లేకుండా తుడిచిపెట్టడం. రూయిన్ అయిన వస్తువు కళ్లముందే ఉంటుంది, పనికిమాత్రం రాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు విజయవాడ అజిత్ సింగ్ నగర్ ఇళ్లలో నిలిచినప్పుడు గోడలు నిలబడే ఉన్నాయి. ఆ ఇల్లు డ్యామేజ్ అయింది, అందులోని పరుపు రూయిన్ అయింది. రెండింటికీ డిస్ట్రాయ్ అని రాస్తే చదివినవాళ్లు ఇల్లే కూలిందనుకుంటారు.

మార్కుల సంగతి. విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో మార్కులిచ్చే అంశాలు నాలుగు, పదసంపద అందులో ఒకటి. అక్కడ కూడా ఏ మాట పక్కన ఏ మాట ఇముడుతుందో చూస్తారు. ‘నా ఫోన్ అనైహిలేట్ అయింది’ అని రాస్తే దెబ్బే.

డెసిమేట్ అంటే పదిలో ఒకటే పోవాలని పట్టుబట్టడం పాత చాదస్తం. రోమన్ సైన్యంలో పదిమందికి ఒకరిని చంపే శిక్ష ఉండేది నిజమే. ఇవాళ ఆ మాటకు చాలా భాగం పోయిందనే అర్థం, నిఘంటువులూ అదే చెబుతున్నాయి.

ఒక్కచోట మాత్రం మెసేజీదే రైటు. జంతువును చంపడానికి కూడా డిస్ట్రాయ్ అంటారని అందులో ఉంటే చాలామంది నవ్వారు. నవ్వాల్సిందేమీ లేదు. బాగుపడే ఆశ లేని పశువును బాధ నుంచి తప్పించడానికి చంపడాన్ని మన 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 13వ సెక్షన్ డిస్ట్రక్షన్ అనే అంటుంది.

ఇక అర్జీ సలహా. మిగతావి నమ్మితే పోయేది మార్కులే, ఇది నమ్మితే ఇల్లు మునిగినవాడి డబ్బు పోతుంది. 2022-26 కాలానికి పెట్టిన విపత్తు సహాయ నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా లేదా తీవ్రంగా దెబ్బతిన్న ఇంటికి 1,20,000 రూపాయలు. పక్కా ఇల్లు పాక్షికంగా, కనీసం 15 శాతం దెబ్బతింటే 6,500. ఈ తేడా చూసే ఆశ పుట్టి ఉంటుంది. కానీ మీ ఇల్లు ఏ కోవలోకి వస్తుందో తేల్చేది మీ విశేషణం కాదు, గోడలు చూసి, ఫొటోలు తీసి రాసుకునే ఎన్యూమరేషన్ (నష్టం లెక్కింపు) సిబ్బంది. విజయవాడ వరద సాయంలో కింది అంతస్తు ఇంటికి 25,000, పై అంతస్తులకు 10,000 ప్రకటించారు. అక్కడ లెక్క ఏ అంతస్తు అన్నది. ‘టోటల్లీ’ అన్న ముక్కకు పైసా రాలేదు, రాదు కూడా!

బీమాలో ఇంకా ఘోరం. ఇంటికి, సరుకుకు తీసుకునే ఫైర్ పాలసీ షరతుల్లో క్లెయిము ఏ కొంచెం మోసపూరితమైనా హక్కులన్నీ పోతాయని రాసి ఉంటుంది. సగం సరుకు తడిసినచోట మొత్తం నాశనమని రాసి, మిగతా సగం బీమా సర్వేయరు కంటపడితే మీ నిజమైన నష్టం మీద కూడా అనుమానం మొదలవుతుంది. కారుకు ‘టోటల్ లాస్’ అన్నదీ ఊరికే అనే మాట కాదు, మరమ్మతు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో రాసిన కారు విలువలో, 75 శాతం దాటాలి. బహువచనం అనుకుని ‘డ్యామేజెస్’ అని కూడా రాస్తున్నారు. చట్టంలో ఆ మాటకు అర్థం కోర్టు ఇప్పించే పరిహారం సొమ్ము. జరిగిన నష్టాన్ని ఎంతున్నా డ్యామేజ్ అనే రాయాలి.

పంట విషయం రైతుకే బాగా తెలుసు. చేను నేలవాలడం వేరు, మునగడం వేరు, పడిన కంకిలో గింజ మొలకెత్తడం వేరు, ధాన్యం రంగు మారడం వేరు. నేలవాలిన వరిని చాలాసార్లు కోసుకోవచ్చు, కాకపోతే కూలి ఖర్చు పెరుగుతుంది, గింజ రాలుతుంది. పంట పోయిన రైతుకు ప్రభుత్వం ఇచ్చే ఇన్‌పుట్ సబ్సిడీకి నష్టం 33 శాతం లేదా అంతకుమించి ఉండాలి. కాబట్టి అర్జీలో సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, ఏ దశలో ఉంది, నీళ్లు ఎన్ని రోజులు నిలిచాయి అన్నవి ఉండాలి. ఆంధ్రలో అయితే ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-క్రాప్‌లో పేరు ఉందో లేదో ముందే చూసుకోవాలి. ‘ఫలానా సర్వే నంబరులో రెండెకరాల వరి, పాలు పోసుకునే దశ, నాలుగు రోజులు నీట మునిగింది’ అని తెలుగులో రాసి, తేదీ కనిపించే ఫొటో జతచేస్తే చాలు. పరిశీలనకు వచ్చినవాళ్లకు కావలసింది అదే.