ఆ ట్రయాంగిల్ మా పాప చేసింది కాదు

ఇప్పుడే పాప బ్యాగ్ సర్దుతుంటే బడిలో చేసిన క్రాఫ్ట్ బయటపడింది. చేప బొమ్మ. ఒళ్లు గుండ్రటి నీలం కాగితం, తోక ఎర్ర ట్రయాంగిల్. ఎక్కడా చిన్న వంకర లేదు. నాలుగేళ్ల పిల్ల కత్తెర పడితే అంచు అంత తిన్నగా వస్తుందా?

"నువ్వే చేశావా తల్లీ?" అని అడిగాను. "నాది తప్పంట. టీచర్ పీకేసి వేరేది అంటించారు" అంది. తోక పక్కన గమ్ మరక, అందులో ఇరుక్కుపోయిన పసుపు పీలిక ఒకటి. మా పాప చేసిన తోకలో మిగిలింది అంతే.

తనది ఎలా ఉందో వేలితో గీసి చూపించింది. సన్నగా, పొడుగ్గా, ఒక పక్కకి వాలి ఉందట. మూడు భుజాలున్నాయి, మూడు మూలలున్నాయి. ఇంకేం కావాలి? చార్టులో ఉన్నట్టు కొన పైకి ఉండి, మూడు వైపులా సమానంగా ఉంటేనే త్రిభుజమా? స్క్వేర్‌ని కాస్త తిప్పి పెట్టి "ఇది డైమండ్" అని నేర్పేదీ ఇలాంటివాళ్లే. తిప్పితే భుజాలు మారిపోతాయా అండీ?

పిల్లలు చూసి గుండ్రం గీయడం మూడేళ్లకి వస్తుంది. స్క్వేర్ నాలుగేళ్లకి. ట్రయాంగిల్ ఐదేళ్లు వస్తే గానీ కుదరదు, ఏటవాలు గీత వాళ్లకి అంత కష్టం. అలాంటిది నాలుగేళ్లకే తంటాలు పడి కత్తిరిస్తే పీకి పారేస్తారా!

1837లో జర్మనీలో చిన్నపిల్లల బడి తెరిచి, తర్వాత దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టిన ఫ్రోబెల్ కాగితాలు మడవడం, కత్తిరించడం పిల్లల చేతే చేయించమన్నాడు. చదరపు కాగితం ఇచ్చి ఎదురెదురు మూలలు కలిపి మడవమనండి. మడత మీద గోరుతో రుద్ది, విప్పి, రెండు ట్రయాంగిళ్లు కనిపించగానే పిల్ల మొహం చూడండి. ఆకారం తెలియడమంటే అదీ. ఫోటోలో చేప అందంగా పడటం కాదు.

నా రెండో తరగతిలో నేను గీసిన బాతు మీదే ఎర్ర పెన్నుతో ఇంకో బాతు గీశారు ఒక టీచర్. ఆ తర్వాత డ్రాయింగ్ పీరియడ్ అంటే నాకు కడుపునొప్పి వచ్చేది. ఇన్నేళ్లయినా ఆ ఎర్ర గీత కళ్ల ముందే ఉంది.

ఇందాక పాపకి కాగితం, కత్తెర ఇచ్చాను. "నువ్వే కట్ చెయ్యమ్మా, నాది తప్పొస్తుంది" అంది.

రేపు పొద్దున్నే ఆ చేప పట్టుకుని బడికి వెళ్తున్నాను.