ముందు కాపీ చూపించి మాట్లాడండి

కాలేజీల్లో భావప్రకటనా స్వేచ్ఛ లేదని గోల చేసేవాళ్లు ఒకసారి ఒంగోలు రావాలి. మొన్న ఇక్కడొక కాలేజీలో అదే అంశం మీద వక్తృత్వ పోటీ పెట్టి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. నిబంధనలు ఎంతో ఉదారం. ఎవరైనా, ఏమైనా మాట్లాడొచ్చు. రెండు రోజుల ముందు కాపీ తెలుగు లెక్చరర్ గారికి చూపిస్తే చాలు. రాజకీయం, కులం, మతం, ఫీజులు, హాస్టల్ మెస్ జోలికి మాత్రం పోకూడదు. అవి తీసేసినా మాట్లాడ్డానికి వాతావరణం మిగిలే ఉంది కదా!

ఒక కుర్రాడి కాపీ నా ముందుకొచ్చింది. 'మా హాస్టల్ సాంబారులో' అని అతను రాసుకున్నదాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసి, పైన 'మన రాజ్యాంగంలో' అని దిద్దారు. మిగతా వాక్యం జోలికి పోలేదు. వాడు బుద్ధిమంతుడు, దిద్దింది దిద్దినట్టే చదివాడు: "మన రాజ్యాంగంలో ఎంత గరిట తిప్పినా ఒక్క ముక్క తగలదు." హాలు దద్దరిల్లింది. రెండో బహుమతి ఇచ్చాం.

అతను మరీ తప్పేం అనలేదు. 19(1)(ఎ) అధికరణం మాట్లాడమంటుంది. 19(2) కాస్త ఆగమంటుంది. రాజ్యాంగం అమల్లోకొచ్చి ఏడాదిన్నర నిండకుండానే, 1951 సవరణతో ఆ ఆగాల్సిన జాబితాను పెంచారు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరంగా రాస్తే జైలుకు పంపే ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది. దాని కింద ఇంకా కేసులు పెడుతున్నారని తెలిసి 2021లో ఆ కోర్టే విస్తుపోయింది. మన దగ్గర సెక్షన్లు చచ్చాక కూడా డ్యూటీ చేస్తాయి.

విద్యార్థి సంఘాలూ తక్కువేం తినలేదు. తమ వక్తను ఆపితే అది ప్రజాస్వామ్యంపై దాడి. అవతలి వాళ్ల వక్త వస్తే గేటు ముందు డప్పులతో బైఠాయింపు, అది చైతన్యం. డప్పు మాత్రం ఇద్దరూ ఒకే షాపులో అద్దెకు తెస్తారు, ఆ షాపాయనకు ఏ సిద్ధాంతంతోనూ పేచీ లేదు.

ఇదేమో ప్రకాశం పంతులు గారి జిల్లా. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకీకి రొమ్ము చూపి కాల్చమన్న మనిషి ఆయన. ధైర్యం మెచ్చుకోవాల్సిందే గానీ, పద్ధతి సరికాదు. ఇవాళ మన క్యాంపస్‌లో ఎవరైనా అలా చేస్తే తుపాకీ దాకా పోనక్కర్లేదు. చొక్కా గుండీలు విప్పినందుకు డ్రెస్ కోడ్ కింద ఐదొందలు ఫైన్ కట్టించుకుని, సాయంత్రానికల్లా వాళ్ల నాన్నకు ఫోన్ చేస్తారు.