కోటి రూపాయల కారుకు పానా పట్టడమా?

అనంతపురంలో పెద్ద కార్లున్న కొందరిలో ఈ మధ్య ఒక ప్రమాదకరమైన ధోరణి మొదలైంది. కోటి రూపాయలకు అటూ ఇటూగా ధర పలికే ఎస్‌యూవీని వాకిట్లో నిలబెట్టుకుని, ఆదివారం పొద్దున్నే బనియనుతో బయటికొచ్చి, స్క్రూడ్రైవరు చేతబట్టి, తమ కారు పనిని తామే చేసుకోవడానికి పూనుకుంటున్నారు. ఇది ఆ ఇంటి సొంత వ్యవహారమే కదా అని మిగిలిన పెద్దమనుషులు ఊరుకుంటే, రేపు తమ బ్యాగును తామే మోసుకునేవాళ్లూ, తమ గేటును తామే తీసుకునేవాళ్లూ బయలుదేరతారని ముందుగా హెచ్చరించడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

మా ప్రాంతంలో పెద్ద కారు అనేది ప్రయాణం కోసం కొనే వస్తువు కాదు. అది తెల్లరంగు వేసి, నాలుగు చక్రాలు బిగించి, రోడ్డు మీదికి వదిలిన ఆస్తుల ప్రకటన. అటువంటి కారు బానెట్‌ను యజమాని స్వహస్తాలతో పైకెత్తితే ఏం జరుగుతుందో ఒక్కసారి ఆలోచించండి. దారిన పోయే మొదటి మనిషి ఆగి, "ఏమప్పా, డ్రైవరు మానేసినాడా?" అని పలకరిస్తాడు. రెండో మనిషి ఏమీ అడగడు. జీతం ఇవ్వలేదేమోనని మనసులో అనుకుని ముందుకు సాగుతాడు. ఆ మాట సాయంత్రానికి టవర్ క్లాక్ దగ్గరి టీ బంకుకు చేరేసరికి రాప్తాడు పక్కనున్న పొలం అమ్మకానికి వచ్చిందని స్థిరపడుతుంది, మర్నాడు తెల్లవారకముందే అప్పిచ్చినవాళ్లు "ఊరికే పలకరించిపోదామని" అంటూ వచ్చి వరండాలో కూర్చుంటారు. వెయ్యి రెండు వేల రూపాయల ఫిల్టరు కోసం ఒక వంశం పరపతిని పణంగా పెట్టడం ఏపాటి తెలివో, చదువుకున్నవాళ్లే చెప్పాలి.

ఇంతకీ ఆ ఫిల్టరు సంగతి. కారు లోపలికి వచ్చే ఏసీ గాలిని వడగట్టే ఈ వస్తువు చాలా కార్లలో ఎడమవైపు సీటు ముందున్న గ్లోవ్ బాక్స్ వెనకాల ఉంటుంది. డబ్బాలోని సామాను తీసేసి, దాని రెండు పక్కలను లోపలికి నొక్కితే డబ్బా కిందికి వాలుతుంది, దాని వెనక పొడవాటి ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది, ఆ మూత తీస్తే ఫిల్టరు చేతికొస్తుంది. కొత్తదాన్ని, దాని అంచు మీద ముద్రించిన బాణం గుర్తు గాలి పోయే దిక్కుకు ఉండేలా చూసి లోపలికి తోస్తే పని అయిపోయినట్లే. చాలా మోడళ్లలో ఇది పదిహేను నిమిషాల పని. చాలా కంపెనీలు ఏడాదికో, 15,000 కిలోమీటర్లకో మార్చమంటాయి. దుమ్ము ఎక్కువైన చోట ఇంకా ముందే మార్చమంటాయి. వేరుశనగ నూర్పిళ్ల కాలంలో పల్లె దారుల్లో తిరిగి వచ్చిన కారులోంచి ఆ ఫిల్టరును బయటికి లాగితే, ఒకప్పుడు తెల్లగా ఉండిన దాని మడతల మధ్య ఎర్రమన్ను, వేరుశనగ పొట్టు, ఎండిన వేపాకులు, ఏదో పురుగు రెక్క ఒకటి కనిపిస్తాయి. ఇంతకాలం ఇంటిల్లిపాదీ పీల్చిన గాలి వాటి సందుల్లోంచి వచ్చిందేనని అప్పుడు తెలిసిపోతుంది. తెలియకపోతే ఏ బాధా లేదు. ఏసీ గాలి రావడం లేదనిపిస్తే పదహారు డిగ్రీలకు తిప్పి, అప్పటికీ రాకపోతే ఎండలను తిట్టుకోవడం మన సంప్రదాయం. దాన్ని వదులుకోవలసిన అగత్యం నాకైతే కనిపించడం లేదు.

వైపర్ల విషయంలో ప్రకృతే మన పక్షాన నిలిచింది. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో వైపర్ రబ్బరు పని చేసి అరగదు, పని లేక ఎండకు గట్టిపడి పగుళ్లిస్తుంది. ఆరు నెలల తర్వాత తొలి చినుకు పడినప్పుడు అది అద్దం మీద కిర్రుమంటూ దుమ్మునంతా బురదగా పులుముతుంది, కారు లోపలున్న పెద్దమనిషికి రోడ్డు తప్ప అన్నీ కనిపిస్తాయి. దీన్ని మార్చడానికి చెయ్యాల్సిందల్లా వైపర్ కడ్డీని పైకెత్తి, క్లిప్పు నొక్కి, పాత బ్లేడును జార్చి, కొత్తదాన్ని టక్కుమని బిగించడమే. ఖరీదైన కార్లలో ఆ కడ్డీ బానెట్ అంచు కింద దాక్కుని ఉంటుంది కాబట్టి ముందుగా దాన్ని సర్వీసు స్థానానికి, అంటే అద్దం మీద పైకి లేచి నిలబడే చోటికి, తెచ్చుకోవాలి. బ్లేడు తీసినంతసేపూ అద్దం మీద మందపాటి తువ్వాలు పరచి ఉంచాలి. ఉత్త ఇనుప కడ్డీ స్ప్రింగు బలంతో జారిపడితే అద్దం పగులుతుంది, కెమెరాలూ సెన్సార్లూ అమర్చిన ఆ అద్దం ధర వింటే పగిలేది అద్దం ఒక్కటే కాదు. తువ్వాలు పరవడమనే ఈ క్లిష్టమైన సాంకేతిక ప్రక్రియను సామాన్యుల చేతుల్లో పెట్టకూడదనే కదా, కొందరు దూరదృష్టితో బండిని 44వ జాతీయ రహదారి మీదుగా 200 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని బెంగళూరుకు పంపిస్తున్నారు.

తాళంచెవి రిమోట్‌లోని సెల్ అయిపోతే కూడా అదే మార్గం. చాలా రిమోట్లలో ఉండేది 2032 అనే గుండ్రటి మూడు వోల్టుల సెల్, సుభాష్ రోడ్డులో ఏ గడియారాల కొట్టులో అడిగినా ఇస్తారు. అయినా, లారీ మీద కారును ఎక్కించి పంపితే ఊళ్లో నలుగురూ చూస్తారు. గడియారాల కొట్టుకు నడిచివెళ్తే ఎవరు చూస్తారు?

కార్ల కంపెనీలు మన గౌరవాన్ని కాపాడటానికి తమవంతు కృషి చేస్తూనే ఉన్నాయని కృతజ్ఞతతో చెప్పాలి. బానెట్ ఎత్తితే ఇంజను కనిపించదు, కంపెనీ ముద్ర వేసిన నల్లటి ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది. ఆయుధపూజ నాడు మనం పసుపు కుంకుమ పెట్టి దండం పెడుతున్నది ఆ మూతకే. ఇంజను ఆయిల్ ఎంత ఉందో చూసుకునే డిప్ స్టిక్‌ను పలు జర్మన్ కార్లలోంచి ఏకంగా తీసేశారు, తెర మీద చూపించినంతే నమ్మాలి. ఇక బ్యాటరీ అంటారా, పాతది తీసి కొత్తది పెడితే సరిపోదు. కొన్ని కార్లలో ఆ సంగతిని కంప్యూటర్‌లో నమోదు చేయించాలి, ఇంటికి కొత్త కోడలు వచ్చిందని మేనత్తకు ప్రత్యేకంగా కబురు పెట్టకపోతే ఆవిడ పాత లెక్కల ప్రకారమే సాధిస్తున్నట్లు, ఆ కంప్యూటర్ కొత్త బ్యాటరీని పాతదిగానే భావించి ఛార్జింగు చేస్తూపోతుంది.

నిజంగా భయపడవలసినవీ కొన్ని ఉన్నాయని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. ఒక్క జాకీని నమ్ముకుని కారు కింద దూరకూడదు. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తిప్పితే మరుగుతున్న నీళ్లు మొహాన కొడతాయి. హైబ్రిడ్, విద్యుత్ కార్లలో నారింజ రంగు వైర్లను ముట్టుకోకూడదు, ఎయిర్‌బ్యాగుల జోలికి వెళ్లకూడదు. అయితే మనవాళ్ల భయం ఇక్కడ ఆగదు, ఫిల్టరు దగ్గర మొదలై టైర్లకు మాత్రం చేరదు. గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీదే రాసి ఉంటుంది. టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండంకెలు అది తయారైన వారాన్ని, తర్వాతి రెండంకెలు సంవత్సరాన్ని చెబుతాయి. 2319 అని ఉంటే ఆ టైరు 2019లో 23వ వారంలో పుట్టిందని అర్థం. మే నెలలో రోడ్డు కాలిపోతున్నప్పుడు, గాలి తక్కువైన టైరు నలిగి నలిగి ఇంకా వేడెక్కి పేలుతుంది. రిమోట్ సెల్ మార్చడానికి చేతులు వణికిన మనిషే ఆ టైర్ల మీద గుత్తి దాటేలోపు నూట నలభైకి తీసుకెళ్తాడు. వంగి టైరు చూస్తే ఎవరైనా చూస్తారు, నూట నలభైలో పోయేవాణ్ణి ఎవరూ గుర్తుపట్టలేరు. లెక్క సరిగ్గానే ఉంది.

ఈ సమస్యకు శాశ్వత పరిష్కారం మెర్సిడెస్ బెంజ్ చూపించింది. ఆ కంపెనీ ఈక్యూఎస్ విద్యుత్ కారు బానెట్‌ను యజమాని తెరిచే ఏర్పాటే లేదు, సర్వీసు సెంటరువాళ్లే తెరవాలి. అద్దం కడిగే నీళ్లు పోయడానికి మాత్రం ముందు చక్రం పైభాగంలో ఒక చిన్న మూత ఉంచారు. యజమాని చెంబు పట్టుకుని ఆ మూత దగ్గర నిలబడే అవకాశం ఇంకా మిగిలే ఉందన్నమాట. దానికీ ఒక తాళం బిగించి, తాళంచెవిని బెంగళూరులోనే ఉంచాలని అనంతపురం పెద్ద కార్ల యజమానుల తరఫున ఇందుమూలంగా విన్నవించుకుంటున్నాను.